మల్టీఫోటాన్ మైక్రోస్కోపులో ఎస్‌ఎల్‌ఎం: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లూ, బయట నుంచి ఫోన్ చేసే మిత్రులూ ఎస్‌ఎల్‌ఎం గురించి, అంటే మైక్రోస్కోపులో లేజర్ వెలుగుని కావాల్సిన చోట్లకి పంచే చిప్ గురించి, దాదాపు ఇవే అడుగుతున్నారు. ప్రతిసారీ బోర్డు మీద అదే బొమ్మ గీసి విసుగొచ్చి, ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. మాటలు బల్ల దగ్గర ఎలా అంటామో అలాగే ఉంచాను: బీమ్, ఫేజ్ (తరంగం ఎంత ముందు వెనక ఉందన్నది), పల్స్, ఆబ్జెక్టివ్ (నమూనా దగ్గరుండే లెన్సు). వీటికి తెలుగు మాటలు వెతికితే చదివేవాళ్లకి ఇంకో కొత్త భాష నేర్పినట్టవుతుంది.

## ఇంకా మొదలుపెట్టనివాళ్లకి

మల్టీఫోటాన్‌కీ మామూలు కాన్ఫోకల్‌కీ అసలు తేడా ఏంటి?

కాన్ఫోకల్‌లో ఒక్క ఫోటాన్ వెళ్లి ఫ్లోరసెంట్ అణువుని ఉత్తేజపరుస్తుంది. కాబట్టి బీమ్ వెళ్లే దారంతా వెలుగుతుంది. అక్కర్లేని వెలుగుని చివర్లో పిన్‌హోల్ పెట్టి ఆపుతాం. టూ-ఫోటాన్‌లో సగం శక్తి ఉన్న ఫోటాన్లు రెండు ఒకేసారి ఒకే అణువుకి తగలాలి. అంత రద్దీ ఫోకస్ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు, అందుకే అక్కడే వెలుగుతుంది. ఈ సంగతి మరియా గోపర్ట్-మేయర్ 1931లోనే కాగితం మీద తేల్చారు. లేజర్ వచ్చాక, 1961లో, అది ప్రయోగంలో కనపడింది. మైక్రోస్కోపుగా మారడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది: కార్నెల్‌లో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ చేసిన పని అది.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. సిగ్నల్ పవర్‌కి వర్గంగా పెరుగుతుంది. పవర్ సగమైతే సిగ్నల్ పావు వంతుకి పడిపోతుంది.

"లైట్ షేపింగ్" అంటే వెలుగు ఆకారం ఎలా మారుతుంది? మధ్యలో స్టెన్సిల్ లాంటిది పెడతారా?

స్టెన్సిల్ పెడితే అడ్డుపడిన వెలుగంతా వృథా. ఎస్‌ఎల్‌ఎం, అంటే స్పేషియల్ లైట్ మాడ్యులేటర్, వెలుగుని ఆపదు. బీమ్‌లో ఒక్కో భాగాన్ని ఒక్కో కొలతలో ఆలస్యం చేస్తుంది, అంతే.

ఎన్‌సీసీ కవాతులో ఒక వరుసని ఊహించుకోండి. ఎడమ చివరివాళ్లు చిన్న అడుగులేస్తే వరుస మొత్తం ఎడమకి తిరుగుతుంది. మధ్యవాళ్లు వెనకబడి అంచులవాళ్లు ముందుకెళ్తే వరుస లోపలికి వంగి, నడుస్తూ నడుస్తూ ఒకచోట కలుస్తుంది. మొదటిది బీమ్‌ని పక్కకి తిప్పడం, రెండోది లెన్సు. ఇంకో వెసులుబాటు కూడా ఉంది: ఎవరైనా సరిగ్గా ఒక పూర్తి అడుగు వెనకబడితే మళ్లీ అందరితో కలిసి నడిచినట్టే. అందుకే ఎస్‌ఎల్‌ఎం సున్నా నుంచి ఒక తరంగదైర్ఘ్యం వరకు ఆలస్యం ఇవ్వగలిగితే చాలు. అంతకన్నా పెద్ద ఆలస్యాన్ని మడతపెట్టి ఆ హద్దులోకే తెచ్చుకోవచ్చు.

లోపల ఉండేది సిలికాన్ చిప్ మీద పలచటి లిక్విడ్ క్రిస్టల్ పొర. ఒక్కో పిక్సెల్‌కి ఇచ్చే వోల్టేజిని బట్టి అక్కడి అణువులు వాలుతాయి, వక్రీభవన గుణకం మారుతుంది. కంప్యూటర్‌కి మాత్రం అది ఇంకో మానిటర్: 256 బూడిదరంగు మెట్లున్న బొమ్మ పంపితే చాలు.

ఎస్‌ఎల్‌ఎం, డీఎండీ, డిఫార్మబుల్ మిర్రర్, ఏఓడీ అని నాలుగు పేర్లు వింటున్నాను. ఏది దేనికి?

ఒకేసారి చాలా చోట్ల చుక్కలు కావాలంటే ఎస్‌ఎల్‌ఎం. కణజాలం వల్ల మసకబారిన ఫోకస్‌ని సరిచేయడమే పనైతే డిఫార్మబుల్ మిర్రర్ (ఆకారం వంచగలిగే అద్దం) ఇంకా మంచిది. అది అద్దం కాబట్టి రంగుతో పేచీ లేదు, వెలుగు నష్టం తక్కువ, వేగం ఎక్కువ. కానీ దాని వెనక ఉండే మీటలు సాధారణంగా పదుల్లో, లేదా వందల్లో ఉంటాయి. దాంతో యాభై చుక్కలు చేయలేం.

ఏఓడీ (శబ్ద తరంగాలతో బీమ్‌ని తిప్పే స్ఫటికం) ఒక సమయంలో ఒక్క చోటికే వెళ్తుంది. కానీ పదుల మైక్రోసెకన్లలో ఇంకో చోటికి దూకుతుంది. అక్కడక్కడా ఉన్న న్యూరాన్లని చకచకా చదవాలనుకునేవాళ్లకి అది నప్పుతుంది.

డీఎండీ అంటే ప్రొజెక్టర్లలో ఉండే బుల్లి అద్దాల చిప్. సెకనుకి 20 వేల బొమ్మలు దాటి మార్చగలదు. హోలోగ్రాములకి (వెలుగుని కావాల్సిన చోట్లకి పంచే బొమ్మలకి) వాడితే మాత్రం సిద్ధాంతం ప్రకారమే వెలుగులో 10 శాతం దక్కుతుంది. సిగ్నల్ వర్గంగా పడిపోయే చోట ఆ బేరం చాలామందికి గిట్టదు.

మా ల్యాబ్‌కి ఇది నిజంగా అవసరమా, లేక ఫ్యాషనా?

మొహమాటం లేకుండా చెప్తాను. ఒక్క తలంలో న్యూరాన్లని చూడటమే పనైతే అక్కర్లేదు. బీమ్‌ని అటూ ఇటూ తిప్పే గాల్వో అద్దాలూ రెజొనెంట్ స్కానరూ చాలు. ఎంచుకున్న న్యూరాన్ల గుంపుని ఒకేసారి వెలిగించి (వెలుగుతో ఉత్తేజపరిచి, దీన్నే స్టిములేషన్ అంటాం), మిగతా సర్క్యూట్ ఏం చేస్తుందో చూడాలంటే మాత్రం దీనికి సాటి లేదు. 2008లో కొలంబియాలో యూస్తె బృందం మొదటగా స్కానింగ్ లేకుండా ఎస్‌ఎల్‌ఎం‌తోనే టూ-ఫోటాన్ ఇమేజింగూ స్టిములేషనూ చూపించింది. 2015లో లండన్‌లో హాయ్‌సర్ బృందం, మెలకువగా ఉన్న ఎలుకలో ఎంచుకున్న కణాలని ఉత్తేజపరుస్తూ అదే సమయంలో చుట్టుపక్కల కణాలని రికార్డు చేసింది. 2019లో స్టాన్‌ఫర్డ్‌లో, కొలంబియాలో కొన్ని న్యూరాన్లని ఇలా వెలిగించి ఎలుక ప్రవర్తననే మార్చి చూపించారు. మీ ప్రశ్న ఈ కోవలోదా అని మొదట తేల్చుకోండి.

## కొనే ముందు

ఎన్ని పిక్సెళ్లుంటే మంచిది? ఫీల్డ్ ఎంత వస్తుంది?

పిక్సెళ్ల సంఖ్య కన్నా ముందు ఒక్కో పిక్సెల్ సైజు చూడాలి. ఎందుకంటే బీమ్‌ని ఎంత పక్కకి తిప్పగలమన్నది దాని మీదే ఆధారపడుతుంది. నిజమైన అంకెలతో ఒకసారి వేద్దాం. పిక్సెల్ 12.5 మైక్రాన్లు, పొట్టి వైపు 1024 పిక్సెళ్లు, అంటే 12.8 మిల్లీమీటర్ల ప్యానెల్. లేజర్ 920 నానోమీటర్లు. ఆబ్జెక్టివ్ 16ఎక్స్, న్యూమరికల్ అపర్చర్ 0.8, ఫోకల్ లెంగ్త్ 12.5 మిల్లీమీటర్లు. దాని వెనక కన్ను (వెలుగు లోపలికి వెళ్లే రంధ్రం) 20 మిల్లీమీటర్లు. ప్యానెల్ బొమ్మ ఆ కన్నుని నింపాలంటే 1.56 రెట్లు పెద్దది చేయాలి. పెద్దది చేసిన మేరకు కోణం తగ్గుతుంది.

అన్నీ కలిపితే మధ్య నుంచి అటూ ఇటూ 294 మైక్రాన్లు వస్తుంది. సేల్స్ వాళ్లు చెప్పేది ఈ అంకె. కానీ ఆ అంచు దగ్గర ఒక్కో మెలికకి (ఆలస్యం సున్నా నుంచి ఒక తరంగదైర్ఘ్యం దాకా పెరిగే ఒక్కో వరసకి) రెండే పిక్సెళ్లు మిగులుతాయి, వెలుగులో దాదాపు 40 శాతమే చుక్కకి చేరుతుంది. మెలికకి నాలుగు పిక్సెళ్లుండే 147 మైక్రాన్ల దగ్గర 81 శాతం, ఎనిమిది పిక్సెళ్లుండే 74 మైక్రాన్ల దగ్గర 95 శాతం. కాబట్టి నిజంగా వాడుకోగలిగే ఫీల్డ్ ప్రకటనలో ఉన్నదాంట్లో సగం అనుకోండి. ఇంకా దూరం వెళ్లాలంటే గాల్వోతో మధ్యబిందువునే జరిపి, అక్కడి నుంచి ఎస్‌ఎల్‌ఎం‌తో పంచడం తెలివైన పని.

మా దగ్గరున్న టైటానియం-సఫైర్ లేజర్ సరిపోదా?

చూడటానికి సరిపోతుంది. చాలా కణాలని ఒకేసారి వెలిగించడానికి సాధారణంగా సరిపోదు. సందేహాలన్నిట్లో జేబుకి చిల్లు పెట్టేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఆ లేజర్ సెకనుకి సుమారు 8 కోట్ల పల్సులిస్తుంది. ఒక్కో పల్స్ 100 ఫెమ్టోసెకన్లు, పల్సుల మధ్య ఖాళీ 12.5 నానోసెకన్లు. ఒక్క చుక్కకి అది అద్భుతంగా పనిచేస్తుంది. అదే వెలుగుని 20 చుక్కలకి పంచితే ఒక్కో చుక్కకి ఇరవయ్యో వంతు పవర్ అందుతుంది. సిగ్నల్ వర్గం కాబట్టి ఒక్కో చోట 400వ వంతు ఉత్తేజం మిగులుతుంది. ఇరవై మందికి పెట్టాల్సిన భోజనం గరిటెడు పప్పుతో సరిపెట్టినట్టు.

దీనికి మందు పల్సుల సంఖ్య తగ్గించి ఒక్కో పల్స్‌ని బలంగా చేయడం. సగటు పవర్ అంతే ఉంచి 80 మెగాహెర్ట్జ్ నుంచి 1 మెగాహెర్ట్జ్‌కి దిగితే, పల్స్ వెడల్పు మారనప్పుడు, టూ-ఫోటాన్ ఉత్తేజం 80 రెట్లు పెరుగుతుంది. అందుకే స్టిములేషన్ దారిలో 1030–1040 నానోమీటర్ల ఇటర్బియం లేజర్లు పెడతారు. అవి ఎర్రవైపు జరిగిన ఆప్సిన్లకి (వెలుగు తగిలితే న్యూరాన్‌ని ఉత్తేజపరిచే ప్రొటీన్లకి) కూడా సరిపోతాయి. ఇమేజింగ్ దారిలో 920 దగ్గర పాత లేజర్ అలాగే ఉంటుంది. రెండు దారులనీ ఆబ్జెక్టివ్‌కి ముందు, ఒక రంగుని వదిలి ఇంకో రంగుని తిప్పే అద్దమైన డైక్రోయిక్‌తో కలుపుతారు.

కొనే ముందు ఒక కాగితం తీసుకుని లెక్క రాయండి. కణానికి 10 మిల్లీవాట్లు అనుకుందాం, 50 కణాలు, అంటే ఆబ్జెక్టివ్ కింద 500 మిల్లీవాట్లు. దారిలో మూడో వంతే మిగులుతుందనుకుంటే లేజర్ దగ్గర 1.5 వాట్లు. ఈ లెక్క వేయకుండా ఎస్‌ఎల్‌ఎం ముందు కొనేసి, లేజర్ కోసం మళ్లీ గ్రాంటు రాసుకున్నవాళ్లని చూశాను.

పాత ప్రొజెక్టర్ విప్పి అందులోని ప్యానెల్ వాడుకోవచ్చా?

నేర్చుకోవడానికి వాడుకోవచ్చు, ప్రయోగానికి వద్దు. అవి కంటికి కనపడే వెలుగు కోసం చేసినవి. 920 దగ్గర పూర్తి తరంగదైర్ఘ్యమంత ఆలస్యం ఇచ్చే మందం వాటికి సాధారణంగా ఉండదు. వాట్ల కొద్దీ ఇన్‌ఫ్రారెడ్ తట్టుకునేలా వాటికి పూత కూడా ఉండదు.

60 హెర్ట్జ్ వేగం చాలా?

ఒకే గుంపుని మళ్లీ మళ్లీ వెలిగిస్తే చాలు. గుంపు తర్వాత గుంపుని వరసగా వెలిగించి, న్యూరాన్లు సహజంగా పేలే (సిగ్నల్ ఇచ్చే) క్రమాన్ని అనుకరించాలంటే చాలదు. వోల్టేజిని కాసేపు అవసరానికి మించి తోసే ఓవర్‌డ్రైవ్ పద్ధతితో కొన్ని ప్యానెళ్లు సెకనుకి వందల బొమ్మల దాకా వెళ్తాయి. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ పొర మందం పెరగాలి, మందం పెరిగితే అణువులు బద్ధకిస్తాయి. కాబట్టి మీ లేజర్ రంగుకి తగిన ప్యానెల్ వేగమే అడగండి. ఇంకో మాట: ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకి మారే ఆ కొన్ని మిల్లీసెకన్లలో వెలుగు ఎక్కడ పడుతుందో చెప్పలేం. ఆ వ్యవధిలో, వోల్టేజితో వెలుగుని ఆపే పాకెల్స్ సెల్‌తో బీమ్ ఆపేయాలి.

## బల్ల మీద అమర్చేటప్పుడు

ఎస్‌ఎల్‌ఎం ఎక్కడ పెట్టాలి?

ఆబ్జెక్టివ్ వెనక కన్నుకి జోడీగా ఉండే తలంలో. అంటే రెండు లెన్సుల రిలేతో ప్యానెల్ బొమ్మ సరిగ్గా గాల్వో అద్దాల మీద, అక్కడి నుంచి ఇంకో రిలేతో ఆబ్జెక్టివ్ వెనక్కి పడాలి. సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడం తేలిక: ప్యానెల్ మీద ఏటవాలు మార్చుతూ ఆబ్జెక్టివ్ వెనక ఒక కార్డు పెట్టి చూడండి. బీమ్ కోణం మారాలి గానీ చోటు మారకూడదు. మచ్చ పక్కకి జరుగుతోందంటే లెన్సుల దూరాలు తేడాగా ఉన్నాయి.

ఏ బొమ్మ పంపినా బీమ్ కదలట్లేదు. ప్యానెల్ పాడైందా?

పదిసార్లలో తొమ్మిదిసార్లు ప్యానెల్ బాగానే ఉంటుంది, పోలరైజేషన్ (వెలుగు తరంగం ఊగే దిశ) తేడాగా ఉంటుంది. లిక్విడ్ క్రిస్టల్ ఒక్క దిశలోని పోలరైజేషన్‌నే ఆలస్యం చేస్తుంది. దానికి లంబంగా ఉన్న వెలుగుకి ఆ ప్యానెల్ వట్టి అద్దం. ముందు, పోలరైజేషన్‌ని తిప్పే హాఫ్-వేవ్ ప్లేటు పెట్టి తిప్పుతూ, పక్కకి వెళ్లే చుక్క ఎప్పుడు గరిష్ఠమవుతుందో చూడండి. అప్పటికీ కదలకపోతే, కంప్యూటర్ ఆ బొమ్మని ఏ మానిటర్‌కి పంపుతోందో చూడండి. నవ్వకండి, ఇది నాకే జరిగింది.

ఫీల్డ్ మధ్యలో ఒక చుక్క ఎప్పుడూ వెలుగుతూనే ఉంది. ఎలా పోగొట్టాలి?

దాన్ని జీరో ఆర్డర్ అంటాం: ప్యానెల్ మాట వినని వెలుగు. పిక్సెళ్ల మధ్య సందుల నుంచి, గాజు ముందు ముఖం నుంచి, ఫేజ్ పట్టిక (ఏ బూడిదరంగు మెట్టుకి ఎంత ఆలస్యమన్న జాబితా) సరిగ్గా లేకపోవడం వల్ల వస్తుంది.

చిన్నదే కదా అని వదిలేయొద్దు. 920 కోసం తయారుచేసిన పట్టికతో 1040 దగ్గర పనిచేశారనుకోండి. పూర్తి తరంగదైర్ఘ్యం అనుకున్నది దాదాపు 88 శాతమే అవుతుంది. లెక్క వేస్తే 1.6 శాతం వెలుగు మధ్యలోకి పోతుంది. 50 కణాలకి పంచితే ఒక్కో కణానికి అందేది 2 శాతం లోపే. అంటే ఆ 1.6 శాతం, మీరు అడగని 51వ కణం.

రెండు మందులున్నాయి. రిలేలో మధ్య ఫోకస్ పడే చోట గాజు మీద చిన్న అడ్డు పెట్టడం మొదటిది. అప్పుడు ఫీల్డ్ మధ్యలో కొంత భాగం వాడుకోలేం. రెండోది, దారిలో లెన్సు దూరాన్ని కాస్త మార్చి, ఆ తేడాని ఎస్‌ఎల్‌ఎం మీద లెన్సు బొమ్మతో సరిచేయడం. చుక్కలన్నీ సరైన తలంలో పడతాయి, మాట వినని వెలుగు మాత్రం ఇంకెక్కడో ఫోకస్ అయి ఇక్కడ పలచబడుతుంది. నేను రెండూ వాడతాను.

ఫేజ్ పట్టిక కంపెనీవాళ్లే ఇస్తారు కదా, మళ్లీ మేం ఎందుకు చేయాలి?

వాళ్ల గది ఉష్ణోగ్రత వేరు, వాళ్ల లేజర్ వేరు, బీమ్ పడిన కోణం వేరు. చేయడం కష్టమేమీ కాదు. ఒక చార సున్నా, పక్క చార ఏదో ఒక బూడిదరంగు మెట్టు, ఇలా చారల బొమ్మ పంపండి. ఆ మెట్టుని 0 నుంచి 255 దాకా పెంచుతూ పక్క చుక్క పవర్ రాసుకోండి. సగం తరంగదైర్ఘ్యం దగ్గర అది గరిష్ఠం, పూర్తి తరంగదైర్ఘ్యం దగ్గర మళ్లీ అడుగుకి వస్తుంది. ఆ గీత నుంచి పట్టిక రాసుకోవచ్చు. మధ్యాహ్నం భోజనంలోపు అయిపోయే పని. ప్యానెల్ అంతా ఒకేలా ఉండదు కాబట్టి నాలుగైదు చోట్ల విడివిడిగా చేస్తే ఇంకా మంచిది.

ఎక్కువ పవర్ పెడితే ఎస్‌ఎల్‌ఎం కాలిపోతుందా?

కాలిపోవడానికి చాలా ముందే అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. వాట్ల కొద్దీ బీమ్ పడితే లిక్విడ్ క్రిస్టల్ వేడెక్కి, అదే వోల్టేజికి ఇచ్చే ఆలస్యం తగ్గుతుంది. పొద్దున చేసిన పట్టిక మధ్యాహ్నానికి పనికిరాదు. బీమ్‌ని పెద్దది చేసి ప్యానెల్ మొత్తం పరచండి, వెనక చల్లబరిచే ఏర్పాటున్న మోడల్ తీసుకోండి. కంపెనీ ఇచ్చే హద్దులో సగటు పవర్ వేరు, ఒక్కో పల్స్ తీవ్రత వేరు. రెండూ చూడాలి.

పల్స్ ఆబ్జెక్టివ్ దాకా వచ్చేసరికి సాగిపోతుందంటారు. ఎంత?

గాజులో ఎరుపు వైపు రంగులు ముందు, నీలం వైపు రంగులు వెనక వెళ్తాయి. లెన్సులు, మాడ్యులేటర్, ఆబ్జెక్టివ్ అన్నీ కలిసి 10,000 ఫెమ్టోసెకన్ల-వర్గం చెదరింపు తేవడం మామూలే. 100 ఫెమ్టోసెకన్ల పల్స్ దాంతో దాదాపు 295కి సాగుతుంది, సిగ్నల్ మూడో వంతుకి పడుతుంది. ముందే వ్యతిరేక దిశలో సాగదీసి పంపితే సరిపోతుంది. చాలా లేజర్లలో ఇప్పుడు ఆ ఏర్పాటు లోపలే ఉంటుంది.

ఎస్‌ఎల్‌ఎం తెచ్చే ఇంకో చిక్కు చాలామంది గమనించరు. అది ఒక గ్రేటింగ్ (సన్నటి చారల పలక), రంగుల్ని విడదీస్తుంది. 920 దగ్గర 100 ఫెమ్టోసెకన్ల పల్స్‌లో 12 నానోమీటర్లకి పైగా రంగులుంటాయి. మధ్య నుంచి 147 మైక్రాన్ల దూరంలో ఆ రంగులు సుమారు 2 మైక్రాన్ల మేర పరుచుకుంటాయి. అర మైక్రాన్ ఉండాల్సిన చుక్కకి అది చాలా పెద్ద మరక. న్యూరాన్ దేహాన్ని వెలిగించడానికి పర్వాలేదు, డెండ్రైట్ (న్యూరాన్ కొమ్మ) ముల్లుని వెలిగించడానికి పనికిరాదు. 250 ఫెమ్టోసెకన్ల పల్స్‌కి రంగుల వెడల్పు తక్కువ కాబట్టి ఈ బాధ సగానికి పైగా తగ్గుతుంది.

1040 నానోమీటర్లు కంటికి కనపడదు కదా, కళ్లద్దాలు తప్పనిసరా?

కనపడదు కాబట్టే తప్పనిసరి. కన్ను రెప్ప వేయదు. పైగా ఎస్‌ఎల్‌ఎం బొమ్మ మారినప్పుడల్లా అక్కర్లేని ఆర్డర్లు (విడిపోయిన బీమ్‌లు) కొత్త దిక్కులకి వెళ్తాయి. నిన్న ఖాళీగా ఉన్న దారిలో ఇవాళ బీమ్ ఉండొచ్చు. చుట్టూ గోడ కట్టండి, వాచీ, ఉంగరం తీసేయండి.

## హోలోగ్రామ్ లెక్క దగ్గర

నాకు కావాల్సిన చుక్కలు తెలుసు. ప్యానెల్ మీద బొమ్మ ఎలా వస్తుంది?

ప్యానెల్ తలానికీ ఫోకస్ తలానికీ మధ్య సంబంధం ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్. ఫోకస్ దగ్గర తీవ్రత ఎంతుండాలో మనకి తెలుసు, ఫేజ్ ఏదైనా పర్వాలేదు. ప్యానెల్ దగ్గర తీవ్రత లేజర్ ఇచ్చినంతే, ఫేజ్ మాత్రమే మన చేతిలో ఉంది. గెర్చ్‌బెర్గ్, సాక్స్‌టన్ 1972లో చెప్పిన పద్ధతి ఈ రెండు తలాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, వెళ్లిన ప్రతిచోటా అక్కడ తెలిసిన తీవ్రతని రుద్ది, ఫేజ్‌ని అలాగే మోసుకొస్తుంది. పదుల సార్లు తిరిగేసరికి కుదురుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు మీద మిల్లీసెకన్ల పని. మొదటి నుంచి రాయనక్కర్లేదు. ఎస్‌ఎల్‌ఎం‌సూట్ లాంటి ఉచిత పైథాన్ లైబ్రరీలు ఉన్నాయి.

చుక్కలన్నీ ఒకే వెలుగులో రావట్లేదు. కొన్ని వెలవెలబోతున్నాయి.

కారణాలు రెండు కలిసి ఉంటాయి, విడదీసి చూడాలి. మొదటిది లెక్కలో లోపం: మామూలు పద్ధతి చుక్కల మధ్య సమానత్వాన్ని పట్టించుకోదు. ప్రతి చుట్టులో వెనకబడిన చుక్కకి ఎక్కువ బరువిచ్చే పద్ధతిని డి లియొనార్డో, ఇయాని, రుఒక్కో 2007లో ఇచ్చారు. అది వాడితే లెక్కలో తేడా దాదాపు పోతుంది.

రెండోది పరికరం లోపం: మధ్య నుంచి దూరం పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. దీనికి లెక్క కాదు, కొలత కావాలి. పలచటి ఫ్లోరసెంట్ పొర మీద ఒకే చుక్కని ఫీల్డ్ అంతా తిప్పుతూ సిగ్నల్ రాసుకుని, దాని వర్గమూలంతో పవర్ పట్టిక తయారుచేసుకోండి. వర్గమూలం మరిచిపోయి నేరుగా సిగ్నల్‌తో భాగించేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల అంచు చుక్కలు మండిపోతాయి.

కణం మొత్తాన్ని కప్పే గుండ్రటి వెలుగు మేలా, చిన్న చుక్కని చుట్లు తిప్పడం మేలా?

పవర్ తక్కువుంటే చుట్లు తిప్పండి. ఎస్‌ఎల్‌ఎం చుక్కల్ని పంచుతుంది, గాల్వో అన్నిటినీ కలిపి కణం మీద సుడిగా తిప్పుతుంది. కాలం కచ్చితంగా ఉండాలంటే, కణాలన్నీ ఒకే మిల్లీసెకనులో పేలాలంటే, కణమంతా ఒకేసారి కప్పే వెలుగు మేలు. దానికి వెల రెండు రకాలుగా కట్టాలి. వెడల్పైన హోలోగ్రామ్ గరుకుగా, మచ్చలు మచ్చలుగా వస్తుంది. పైగా వెడల్పు పెరిగేకొద్దీ పైకీ కిందకీ కూడా సాగి పక్క పొర కణాలని తాకుతుంది.

రెండో దానికి మందు టెంపోరల్ ఫోకసింగ్. 2005లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. గ్రేటింగ్‌తో రంగుల్ని విడదీసి పంపితే, అవన్నీ మళ్లీ కలిసే తలంలో మాత్రమే పల్స్ పొట్టిగా ఉంటుంది. పైనా కిందా సాగిపోయి టూ-ఫోటాన్ బలం పోతుంది. పారిస్‌లో ఎమిలియానీ బృందం దీన్ని హోలోగ్రామ్‌తో జతచేసింది. అమర్చడం తలనొప్పే. కణాలు కిక్కిరిసిన చోట మాత్రం నాకు ఇదే నచ్చుతుంది.

బెస్సెల్ బీమ్‌తో ఘనపరిమాణం మొత్తం ఒక్క స్కాన్‌లో వస్తుందా?

వస్తుంది, పైనా కిందా కలిసిపోయిన ఒకే బొమ్మగా. ఫోకస్ సన్నటి పొడుగాటి సూదిలా ఉంటుంది. 2017లో నా జీ అనే శాస్త్రవేత్త బృందం ఎస్‌ఎల్‌ఎం‌తో దాన్ని తయారుచేసి, సినాప్సుల స్థాయి వివరంతో వీడియో వేగంలో చూపించింది. రంగు పట్టిన కణాలు పలచగా ఉంటేనే వాడండి. దట్టంగా ఉంటే ఎవరి సిగ్నల్ ఎవరిదో తేలదు.

## లోతుకి వెళ్లినప్పుడు

500 మైక్రాన్లు దాటాక అంతా మసక. పవర్ పెంచడం తప్ప దారి లేదా?

పవర్ పెంచే ముందు కిటికీ చూడండి. పుర్రె మీద అతికించిన గాజు ఒకటి రెండు డిగ్రీలు వాలినా ఫోకస్ తోకచుక్కలా సాగుతుంది. ఆబ్జెక్టివ్ కాలర్ (గాజు మందానికి సర్దుబాటు చేసే ఉంగరం) తిప్పడం మరిచిపోవడం ఇంకో పాత పాపం. ఈ రెండూ ఖర్చులేని మందులు.

తర్వాత అడాప్టివ్ ఆప్టిక్స్. తలతిరిగే పేరు, సూటి పని. జెర్నికి ఆకారాలు (ఫోకస్ లోపాలకి వాడే ప్రామాణిక ఫేజ్ బొమ్మలు) ఒక డజను తీసుకోండి. పక్కకి జరిపేవీ ఫోకస్ మార్చేవీ వదిలేయండి. లేకపోతే సరిదిద్దుతున్నాననుకుంటూ పక్కనున్న ఎక్కువ వెలిగే కణం మీదకి వెళ్లిపోతారు. ఒక్కో ఆకారాన్ని కొంచెం ప్లస్, కొంచెం మైనస్ చేసి బొమ్మ వెలుగు రాసుకోండి. అసలు బొమ్మతో కలిపి మూడు బిందువుల మీదుగా వంపు గీసి శిఖరం పట్టుకోండి. 12 ఆకారాలకి 25 బొమ్మలు చాలు. ఆ దిద్దుబాటుని చుక్కల హోలోగ్రామ్‌కి కలిపేస్తే అన్ని చుక్కలకీ వర్తిస్తుంది. కానీ అది ఆ పరిసరాలకే. 200 మైక్రాన్లు జరిగితే మళ్లీ చేసుకోవాలి.

ఇది వంపు లోపాలకి మందు. కణజాలం వెలుగుని చెల్లాచెదురు చేయడం వేరే రోగం. డజను ఆకారాలతో అది లొంగదు.

త్రీ-ఫోటాన్‌కి మారితే ఈ గొడవ వదిలిపోతుందా?

లోతు పెరుగుతుంది. 2013లో కార్నెల్‌లో క్రిస్ షూ బృందం 1700 నానోమీటర్ల దగ్గర, పైనున్న కార్టెక్స్‌ని తీయకుండానే ఎలుక హిప్పోక్యాంపస్ చూపించింది. 1300, 1700 రెండూ నీరు మరీ మింగేయని కిటికీలు. కానీ సిగ్నల్ ఘనంగా మారుతుంది కాబట్టి ఫోకస్‌లో చిన్న లోపం కూడా ఎక్కువ బాధిస్తుంది. దిద్దుబాటు అవసరం పెరుగుతుంది, తగ్గదు. 920 కోసం కొన్న ప్యానెల్ అక్కడ పనికిరాదన్నది కూడా గుర్తుంచుకోండి.

## ప్రాణి ముందు కూర్చున్నాక

ఇంత పవర్ పెడితే మెదడు వేడెక్కదా?

వేడెక్కుతుంది. 2016లో పొడ్‌గోర్స్కి, రంగనాథన్ కొలిచి చూపించారు: ఎలుక కార్టెక్స్‌లో ప్రతి 100 మిల్లీవాట్లకి సుమారు 1.8 డిగ్రీలు. 250 మిల్లీవాట్లు దాటి ఆపకుండా పెడితే మిగిలిపోయే నష్టం కనపడింది. స్టిములేషన్ పదుల మిల్లీసెకన్ల పాటే ఉంటుంది కాబట్టి క్షణికంగా అంతకన్నా ఎక్కువ పెట్టే వీలుంది. కానీ ఇమేజింగ్ లేజర్ వేడి దాని కింద ఎప్పుడూ ఉంటుంది, రెండూ కలిపి లెక్కేయాలి. ఆప్సిన్ లేని ప్రాణిలో అదే పవర్‌తో ఒక కంట్రోల్ తప్పకుండా పెట్టండి.

నేను గురిపెట్టిన న్యూరానే స్పందించిందని ఎలా నమ్మాలి?

ఒకే ఒక్క పరీక్ష అడిగితే ఇది చెప్తాను. చుక్కని కణం మధ్య నుంచి 5, 10, 20 మైక్రాన్లు పక్కకి, తర్వాత పైకీ కిందకీ జరుపుతూ స్పందన ఎంత వేగంగా పడిపోతుందో గీయండి. ఫ్లోరసెంట్ పూస మీద కొలిచిన చుక్క సైజు వేరు, ప్రాణిలో ఈ గీత వేరు. ఆప్సిన్ డెండ్రైట్లలో కూడా ఉంటే గీత బాగా వెడల్పవుతుంది. అందుకే కణదేహానికే పరిమితమయ్యే ఆప్సిన్లు వాడతారు. ఇమేజింగ్ బీమే ఆప్సిన్‌ని కొద్దిగా తెరుస్తుండొచ్చు. ఆ లేజర్ పవర్ సగం చేసి, తనంతట తాను పేలే కణాల సంఖ్య మారిందేమో చూడండి.

ఎన్ని రోజులకోసారి కాలిబ్రేట్ చేయాలి?

ప్రయోగం ఉన్న ప్రతి పొద్దున, పది నిమిషాలు. ఫ్లోరసెంట్ ప్లాస్టిక్ స్లైడ్ మీద ఎస్‌ఎల్‌ఎం‌తో చుక్కలు కాల్చి, వాటినే ఇమేజింగ్ దారిలో చూసి, రెండు దారుల మధ్య తేడాని సరిచేసుకోవాలి. లోతు వారీగా కూడా.

కాల్చే బొమ్మ సమానంగా, చక్కగా ఉండకూడదు. ఓసారి నేను ఐదు చుక్కల ప్లస్ గుర్తు వాడాను. అది ఎటు తిప్పినా ఒకేలా కనపడుతుంది. దారిలో ఒక అద్దం కలిపినందువల్ల కుడి ఎడమలు తారుమారయ్యాయన్నది మూడు వారాల డేటా పోయాక గానీ తెలియలేదు. అప్పట్నుంచి తెలుగు 'ఎ' అక్షరం కాలుస్తాను. తిరగబడితే మరుక్షణం తెలిసిపోతుంది.

ఫెమ్టోసెకన్ లేజర్ లేకుండా ఇదంతా నేర్చుకోవచ్చా?

ముప్పాతిక వంతు నేర్చుకోవచ్చు. ఒక ఎర్ర లేజర్, కనపడే వెలుగుకి పనిచేసే చిన్న ఎస్‌ఎల్‌ఎం, పోలరైజర్, ఒక లెన్సు, ఒక కెమెరా చాలు. పట్టిక తయారుచేయడం, జీరో ఆర్డర్‌ని తప్పించడం, చుక్కల్ని సమానం చేయడం, జెర్నికి దిద్దుబాటు, అన్నీ ఆ బల్ల మీదే చేయొచ్చు. లెన్సు ముందు ప్లాస్టిక్ కవరు ముక్క అడ్డుపెట్టి, చెదిరిన చుక్కని మళ్లీ దగ్గరికి తేవడానికి ప్రయత్నించండి. అక్కడ పల్సుల సాగుడూ వర్గం లెక్కా మాత్రం ఎదురుకావు. వాటికి అసలు లేజర్ దగ్గర కూర్చోవాల్సిందే.